ఉన్నది ఉన్నట్టు

కారు అమ్ముదామనుకుంటున్నానని చెప్పిన ప్రతిచోటా నాకు ఒకటే ప్రశ్న ఎదురైంది. "స్టాక్ చేసి అమ్ముతవా, ఇట్లనే ఇచ్చేస్తవా?" మెకానిక్ అడిగాడు, తమ్ముడు అడిగాడు, సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ అడిగాడు. స్టాక్ చేయడమంటే మనం చేయించిన మార్పులన్నీ తీసేసి, కారును మళ్లీ కంపెనీ ఇచ్చినట్టు చేయడం. మొదట్లో అది డబ్బు లెక్క అనుకున్నాను. ఎలా అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయో చూసుకుంటే సరిపోతుందనుకున్నాను. మూడు నెలలు దీని మీదే తల బద్దలు కొట్టుకున్నాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. కారుకు లక్షలు పోసి, ఇప్పుడు అమ్మలేక, ఉంచుకోలేక సతమతమయ్యేవాళ్లు ఈ హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2017 మోడల్, టీఎస్ 09 నంబరు. ఆ ఏడాది మన దేశంలో విడుదలైనప్పుడు ఎక్స్ షోరూం ధర 24.62 లక్షలు. చూడ్డానికి మామూలు ఫ్యామిలీ సెడానే. పండక్కి నల్గొండ వెళ్తే ఇంటిల్లిపాది సామాను డిక్కీలో పట్టేస్తుంది. బానెట్ కింద మాత్రం రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్ పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నాలుగు తలుపులున్నాయి కాబట్టి అది స్పోర్ట్స్ కారే కాదనేవాళ్లు ఉన్నారు. తెల్లారుజామున వికారాబాద్ దాకా వెళ్లి, అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఒక్కసారి తోలి వస్తే ఆ మాట మళ్లీ అనరు.

అంతటి కారు కూడా నాకు చాల్లేదు. 2019లో స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించాను. అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చి, టర్బో ప్రెజర్ పెంచడం. ఏడాది తిరగకుండానే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని డౌన్‌పైప్, అంటే టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం, వేయించి స్టేజ్ టూకి వెళ్లాను. ఆ తర్వాత కారు ఎత్తు మార్చుకునే స్ప్రింగులు, అంటే కాయిలోవర్లు, పద్దెనిమిది అంగుళాల అలాయ్‌లు, గట్టి బ్రేక్ ప్యాడ్లు, అద్దాలకు ఫిల్మ్. బిల్లులన్నీ దాచాను కాబట్టి లెక్క కచ్చితంగా చెప్పగలను: నాలుగు లక్షల అరవై రెండు వేలు. ఆ కారును నేను ఎంత ప్రేమించానంటే, రాత్రి నిద్ర పట్టకపోతే సెల్లార్‌లోకి దిగి ఊరికే అందులో కూర్చునేదాన్ని.

అమ్మడానికి కారణం నాన్న మోకాళ్లు. రెండింటికీ ఆపరేషన్ అయింది. మొదటిసారి ఫిజియోథెరపీకి తీసుకెళ్లిన రోజు ఆయన నా కారులోంచి లేవడానికి తలుపు పట్టుకుని ఐదు నిమిషాలు అవస్థ పడ్డారు. "ఏం కాదు బిడ్డా, నేనే జర నెమ్మది" అన్నారు. కాయిలోవర్ల ఎత్తు పెంచి చూశాం. సెడాన్ సెడానే. ఆయన నడుము ఎత్తులో సీటున్న బండి కావాలి. రెండు కార్లు ఉంచుకునే స్తోమత గానీ, పార్కింగ్ గానీ మాకు లేవు. కాబట్టి అమ్మాలా వద్దా అన్న దాంట్లో నాకు ఎలాంటి ఊగిసలాటా లేదు. ఎలా అమ్మాలన్న దగ్గరే ఆగిపోయాను.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. కారుకు చేయించిన ఈ మార్పుల, అంటే మోడ్స్ ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి రాదు. తిరిగి రాకపోగా రేటు తగ్గుతుంది. డీలర్ కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి, స్టార్ట్ చేసి, ఎగ్జాస్ట్ శబ్దం వినగానే స్టాక్ కారు రేటులోంచి రెండున్నర లక్షలు కోశాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆయన కోణంలో అది న్యాయమే. స్టాక్ ఆర్‌ఎస్ కొనడానికి పదిమంది వస్తే, నాలాంటి కారు కొనడానికి ఇద్దరొస్తారు. 2020లో వచ్చిన దీని తర్వాతి రకం ఆర్‌ఎస్ 245 దేశం మొత్తానికి 200 కార్లే. ఇలాంటివి వెతికేవాళ్లు "ఎవరూ వేలు పెట్టని కారు" కోసమే వెతుకుతారు. నేను వేలు పెట్టాను.

మా తమ్ముడి సలహా సూటిగా ఉంది. "అక్కా, అన్నీ తీసేయ్. స్టాక్ ఫైల్ ఎక్కించు, పాత స్ప్రింగులు వెయ్యి, అలాయ్‌లు మార్చు. నోరు మూసుకుని ఫుల్ రేటుకు అమ్ము. అడిగినోనికి చెప్పు, అడగకపోతే ఎందుకు చెప్పాలె?" నా స్నేహితుల్లో ముప్పాతిక మంది మాట కూడా ఇదే. లోకం దీన్నే తెలివైన పని అంటుంది. మోడ్స్‌తో ఉన్న కారును అలాగే అమ్మితే బాధ్యత లేనివాళ్లు, స్టాక్ చేసి అమ్మితే పద్ధతైనవాళ్లు.

నాకు ఇది తలకిందులుగా కనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరికీ గుర్తుచేయాల్సిన పని లేదు. కాలనీలకు కాలనీలు మునిగాయి, సెల్లార్లలో కార్లు తేలాయి. అప్పటినుంచి ఈ ఊళ్లో పాత కారు కొనడానికి వచ్చే ప్రతి మనిషీ మొదట అడిగేది "నీళ్లల్లో మునిగిందా?" అనే. కార్పెట్ ఎత్తి చూస్తారు, సీటు పట్టాలకు తుప్పుందేమోనని ఫోన్ లైటు వేసి చూస్తారు. మునిగిన కారును ఆరబెట్టి, సీట్లు ఉతికించి, పాలిష్ కొట్టించి, ఏమీ జరగనట్టు అమ్మినవాడిని మనం ఏమంటాం? మోసగాడు అంటాం. కారు ఇప్పుడు పొడిగానే ఉంది కదా అని అతను వాదిస్తే ఒప్పుకోం. ఒకసారి మునిగిన వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఒప్పుకోం.

రీమ్యాప్ కూడా అలాంటిదే. సాఫ్ట్‌వేర్ వెనక్కి మార్చడానికి గంట పడుతుంది. కానీ నా ఇంజన్ నలభై ఒక్క వేల కిలోమీటర్లు పెరిగిన ప్రెజర్ మీద తిరిగింది. ఆ గేర్‌బాక్స్‌ను కంపెనీవాళ్లు తయారుచేసిందే 350 న్యూటన్ మీటర్ల దరిదాపు టార్క్‌ను దృష్టిలో పెట్టుకుని. నేను దాని మీద అంతకంటే చాలా ఎక్కువ భారం మోపాను. క్లచ్ ప్లేట్లు ఎంత అరిగాయో, టర్బో బేరింగులు ఎంత అలసిపోయాయో స్టాక్ ఫైల్ ఎక్కించినంత మాత్రాన వెనక్కి పోవు. ఫైల్ మారుతుంది, గతం మారదు. పైగా స్కోడా కూడా భాగమైన ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఇంజన్ కంప్యూటర్‌ను కెలికినట్టు సర్వీస్ సెంటర్‌లో తేలితే, ఆ కారు రికార్డులో టీడీ1 అనే కోడ్ పడుతుంది. ఇక ఇంజన్, గేర్‌బాక్స్ విషయంలో కంపెనీ నుంచి ఉదారత ఆశించలేం. నేను నోరు మూసుకుని అమ్మితే, కొన్న మనిషి ఈ విషయం తెలుసుకునేది ఏదో పాడై షెడ్డుకు తీసుకెళ్లిన రోజున. లక్షన్నర బిల్లు చేతిలో పట్టుకుని.

"అడగకపోతే చెప్పనక్కర్లేదు" అన్న తమ్ముడి మాటలో చట్టపరంగా కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం మామూలుగా మోసం కిందికి రాదు. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: తెలిసిన విషయాన్ని కావాలని, పనిగట్టుకుని దాచడం మోసమే. ఇప్పుడు చూడండి. మోడ్స్ అన్నీ కళ్లముందు పెట్టుకుని, ఎగ్జాస్ట్ గుర్రుమంటుండగా, ఏమీ మాట్లాడకుండా అమ్మినవాడు దాచింది తక్కువ. కొనేవాడికి కళ్లున్నాయి, చెవులున్నాయి. ఒక్కో పార్టూ విప్పి, ఆనవాళ్లన్నీ తుడిచేసి, "షోరూం కండిషన్" అని అమ్మినవాడు దాచింది ఎక్కువ. పద్ధతైన అమ్మకం అని మనం మెచ్చుకునేది ఈ రెండోదాన్ని.

అయితే "ఇట్లనే ఇచ్చేయడం" సరైందని నేను అనడం లేదు. ఇక్కడ నా తప్పు నేను రాయాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన, ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నేను రీమ్యాప్ చేయించింది సరిగ్గా ఆ ఏడాదే. తెలియక చేశానని అబద్ధం చెప్పలేను, పేపర్లో చదివాను. అందరూ చేయిస్తున్నారు కదా అనుకున్నాను. అద్దాల ఫిల్మ్‌నైతే సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. డౌన్‌పైప్ వీటన్నిటికంటే పెద్ద తప్పు. బీఎస్ 4 కాలుష్య ప్రమాణాల పెట్రోల్ కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఆ విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నే నేను తీసేయించాను. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ఏటా వచ్చింది. రోడ్డు పక్క టెస్టింగ్ బండి దగ్గర గొట్టం సరిగా లోపలికి పెట్టకుండానే కాగితం చేతిలో పెట్టారు. నేను తీసుకుని వచ్చాను. మియాపూర్ సిగ్నల్ దగ్గర నా వెనక స్కూటీ మీద చిన్నపిల్లను ముందు నిలబెట్టుకుని ఆగిన తల్లి ఆ గాలే పీల్చింది. నాలుగేళ్ల పాటు. ఇది ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది, ఆ సిగ్గును చిన్నది చేసి చూపించే ఉద్దేశం నాకు లేదు.

అంత పవర్ ఎక్కడ వాడాను అంటే, నిజాయితీగా చెప్పాలంటే, ఎక్కడా లేదు. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవుంది, దాని మీద గరిష్ఠ వేగం 120. కంపెనీ ఇచ్చిన 230 హార్స్ పవర్‌తోనే ఆ 120 కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగిన రోజు నేనూ వెళ్లాను, ఆ శబ్దం లేని కార్లు ఎన్టీఆర్ మార్గ్‌లో దూసుకుపోతుంటే గొంతు పోయేలా అరిచాను. కానీ ఆ రోడ్డు మర్నాటి నుంచి మళ్లీ మామూలు రోడ్డే. నా కారు స్టేజ్ టూలో ఉండటానికి అర్హమైన చోటు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. అక్కడికి నేను వెళ్లింది ఒకే ఒక్కసారి.

ఇవన్నీ తెలిసి కూడా జూన్‌లో ఒక ఆదివారం కారును ఇట్లనే ఇచ్చేయడానికి సిద్ధపడ్డాను. కరీంనగర్ నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి, ఇంజనీరింగ్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. తండ్రి రైసు మిల్లు యజమాని, తెల్ల చొక్కా, చాలా మర్యాదస్తుడు. ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మైలేజ్ ఎంతిస్తది అమ్మా?" అబ్బాయి అడిగినవి వేరు. లాంచ్ కంట్రోల్ ఉందా, వంద ఎన్ని సెకన్లకు కొడుతుంది, ఎగ్జాస్ట్‌లోంచి మంటలు వచ్చే మ్యాప్ ఎక్కించొచ్చా. టెస్ట్ డ్రైవ్‌లో కోకాపేట వైపు ఖాళీ రోడ్డు కనిపించగానే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాడు. ముందు చక్రాలు పట్టు తప్పి కారు పక్కకు లాగింది. భయపడలేదు, నవ్వాడు. వెనక సీట్లో తండ్రి పైన హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు.

వాళ్లు స్టాక్ రేటు ఇస్తామన్నారు. మోడ్స్‌తో సహా. అడ్వాన్స్ యాభై వేలు అప్పటికప్పుడు పంపిస్తామన్నారు. ఇంతకంటే మంచి బేరం నాకు రాదు. నేను ఆ తండ్రిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఈ కారుకు కంపెనీ ఇచ్చినదానికంటే చాలా ఎక్కువ పవర్ ఉందని, ట్యూనర్ ఈ ఫైల్ రాసింది ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్‌కని, ఎండాకాలం మధ్యాహ్నం మామూలు పెట్రోల్ పోసి తొక్కితే ఇంజన్‌లో నాకింగ్ వస్తుందని, అంటే మంట చేరకముందే పెట్రోల్ తనంతట తాను పేలుతుందని, అది పిస్టన్లను తినేస్తుందని. యాక్సిడెంట్ అయితే సర్వేయర్ ఈ మార్పులు చూసి క్లెయిమ్ నిరాకరించవచ్చని కూడా చెప్పాను. ఆయన అంతా విని, "మావోనికి ఇది వద్దమ్మా, నువ్వు చెప్పినవ్ మంచిదైంది" అని, కొడుకుతో ఏదో మాట్లాడి తీసుకెళ్లిపోయారు. అబ్బాయి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు, ఆ రోజు ఉలుకు అతనికి, నష్టం నాకు.

కార్లు తెలిసిన ఒక మిత్రుడు నన్ను గట్టిగానే కోప్పడ్డాడు. "కొనేవాడు మేజర్. డబ్బు అతనిది, ప్రాణం అతనిది. నువ్వెవరు నిర్ణయించడానికి?" ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. పెద్దవాళ్ల నిర్ణయాన్ని గౌరవించాలన్నది నిజమే. కానీ రోడ్డు మీద ప్రాణం తోలేవాడిది ఒక్కడిదే కాదు. నా చేతులతో తయారుచేయించిన బండి అది. ఆ పవర్ ఫ్యాక్టరీ నుంచి రాలేదు, నా దగ్గరి నుంచి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, బండి చేతులు మారినా రికార్డులో పేరు మారకపోతే రికార్డులో ఉన్నవాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం కట్టాల్సింది వాళ్లే అని చెప్పింది. కాబట్టి పేరు బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొన్నవాళ్లను నమ్మి ఊరుకోవడం కుదరదు. ఖైరతాబాద్ ఆర్టీఏలో పేరు మారిందని కళ్లతో చూసేదాకా ఆ కారు నాదే. ఈ ఒక్క విషయంలో తమ్ముడికీ నాకూ ఏకాభిప్రాయం.

చివరికి నేను చేసింది ఇది. స్టాక్ చేశాను. డౌన్‌పైప్ దగ్గర మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. అప్పట్లో విప్పిన ఒరిజినల్‌ను బిగించిన గ్యారేజీలోనే వదిలేశాను, అడిగితే లేదన్నారు. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, తుక్కు వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి కొంటారు. నాది ఎవరికో అమ్ముడుపోయి ఉంటుంది. పుణెలో యాక్సిడెంట్ అయిన ఇంకో ఆర్‌ఎస్ నుంచి ఒకటి తెప్పించేసరికి ఎనభై నాలుగు వేలయింది. పాత స్ప్రింగులు, పదిహేడు అంగుళాల చక్రాలు తిరిగి ఎక్కాయి. ఫిల్మ్ గీకించాను. పొగ పరీక్ష ఈసారి గొట్టం పూర్తిగా పెట్టించి, దగ్గర నిలబడి చేయించాను. పాసైంది.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ తెరిచి కారు చరిత్రంతా తేదీలతో రాశాను. రీమ్యాప్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించాను, ఎన్ని కిలోమీటర్ల దగ్గర తీయించాను, ట్రాక్ మీద ఎన్ని రౌండ్లు తిరిగింది, అరవై వేలకు మార్చాల్సిన డీఎస్‌జీ ఆయిల్ నలభై వేలకే ఎందుకు మార్పించాను, రెండుసార్లు ఎడమ ముందు చక్రం గుంతలో పడి అలాయ్ వంగిన సంగతి, అన్నీ. బిల్లుల జిరాక్స్‌లు అంటించాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ముందు ఆ పేజీల ఫోటోలు పంపిస్తున్నాను. రేటు లక్షా ఎనభై వేలు తగ్గించి చెప్తున్నాను.

తమ్ముడు తల పట్టుకున్నాడు. "స్టాక్ చేసి చెప్పకపోతే ఫుల్ రేటు వస్తుండె. ఇట్లనే ఇస్తే ఖర్చన్నా మిగులుతుండె. నువ్వు రెండు దిక్కులా పోగొట్టుకున్నవ్ గదక్కా" అన్నాడు. లెక్క ప్రకారం వాడి మాట అక్షరాలా నిజం. ఫోటోలు చూశాక పద్నాలుగు మందిలో పదకొండు మంది మళ్లీ ఫోన్ చేయలేదు.

మిగిలిన ముగ్గురిలో ఒకరు హనుమకొండలో పిల్లల డాక్టర్. పోయిన శనివారం వచ్చి సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గంటన్నర ఆ నోట్‌బుక్ చదివారు. కారు స్టార్ట్ చేయకముందే డీఎస్‌జీ ఆయిల్ బిల్లు ఒరిజినల్ చూపించమన్నారు. తర్వాత అవుటర్ మీద నార్సింగి నుంచి శంషాబాద్ దాకా నడిపి, వంద దాటకుండానే వెనక్కి వచ్చి, క్లచ్‌లు మార్చాల్సి వస్తుందేమోనని ఇంకో నలభై వేలు తగ్గించమన్నారు. నేను బేరమాడలేదు. వచ్చే ఆదివారం పొద్దున తన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తానన్నారు.

నేను వేయించుకుని ఇప్పుడు విప్పించిన ఆ డౌన్‌పైప్ ఇంకా మా బాల్కనీలో, అమ్మ తులసి కుండీ పక్కనే ఉంది. దానికి నలభై వేలు ఇచ్చే కుర్రాడు రెడీగా ఉన్నాడని మెకానిక్ నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కా, అది ఊకెనే ఆడ పడి ఉంటది, ఇయ్యరాదు?" అన్నాడు. ఇవ్వనని చెప్పాను. పాత ఇనప సామాను అతను మా వీధిలోకి గురువారం వస్తాడు.